బార్బెల్ వేటకి వెళ్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దులోని వై నది మీద బార్బెల్ చేప వేటకి గైడుని మాట్లాడుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! "పట్టిన చేపతో సాయంత్రం పులుసు పెడతాడట" అని కూడా అంది. ఆ మాట విన్నాకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నా.

పులుసు సంగతి మర్చిపో నాన్నా. ఇక్కడ బార్బెల్‌ని పట్టి మళ్లీ నీళ్లలోకే వదులుతారు. పైగా దాని గుడ్లు విషం. మన బొచ్చె, రాగండిల కుటుంబమే గానీ ఒళ్లు కోలగా ఉంటుంది, పొట్ట చదును. అడుగు రాళ్లని అంటిపెట్టుకుని వడిలో నిలబడటానికే పుట్టినట్టుంటుంది. మూతి కిందకి తిరిగి, దాని చుట్టూ నాలుగు మీసాలు. వాటితో గులకరాళ్ల సందుల్లో తిండి తడుముకుంటుంది. వైకి ఇది పుట్టింటి చేప కాదు. 1956లో కెన్నెట్ నది నుంచి 509 బార్బెల్ తెచ్చి సెవెర్న్ నదిలో వదిలారు, వైలోకి ఆ తర్వాతే చేరాయి. మనలాగే వలస వచ్చి నిలదొక్కుకున్నాయి.

సెప్టెంబరు మంచి నెల. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో ఈ వేట నిషేధం. జూలై ఎండల్లో నీళ్లు వేడెక్కి చేప తొందరగా అలిసిపోతుంది. నువ్వెళ్లే ముందు రెండు రోజులు వాన పడితే కంగారుపడి మానుకోకు. వై ఒడ్డునున్న హెర్‌ఫర్డ్ ఊరి చుట్టూ ఎర్రమట్టి నేల, వాన పడిందంటే వై అచ్చం శ్రావణమాసం గోదావరే. ఆ ఎర్రనీటిలో బార్బెల్ ఇంకా ధైర్యంగా మేతకి వస్తుంది. చెట్లు కొట్టుకొచ్చే వరదైతే గైడే వద్దంటాడు.

గైడు గాలం కర్ర, అంటే రాడ్డు, బిగించే ముందు గట్టు వెంట నడుస్తాడు. నువ్వు టీ తాగుతూ కూర్చోకు, వెనకాలే నడువు. నీటి మీద మెరుపు కొట్టకుండా పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకో. అతను ఆగిన ప్రతిచోటా ఎందుకు ఆగాడో అడుగు. వడి నీరూ నెమ్మది నీరూ ఒరుసుకునే గీత, నాచుపోగుల మధ్య తేటగా కనిపించే గులకనేల, వంగిన విల్లో చెట్టు నీడ, ఇలా ఏదో ఒకటి చూపిస్తాడు. నువ్వు డబ్బిచ్చేది ఆ చూపు కోసమే. కొవ్వూరు గోష్పాద రేవులో గాలం వేసుకుంటూ పెరిగిన నాకే ఇక్కడి నీళ్లు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

ఎరని గాలానికి గుచ్చరు. గాలం కింద వెంట్రుకలాంటి చిన్న దారానికి పెల్లెట్ అనే మేతగుళిక కట్టి, గాలాన్ని ఖాళీగా వదిలేస్తారు. దాన్ని హెయిర్ రిగ్ అంటారు. కొందరు డబ్బా మాంసం ముక్కలకి కూరపొడి పట్టిస్తారు, మన మసాలా వాసన ఈ చేపకీ ఇష్టమే. మేత నింపిన ఫీడర్, అంటే దారానికి కట్టే చిన్న మేతడబ్బా, ప్రతిసారీ ఒకేచోట పడాలి. దూరంగా విసరాలని ఉబలాటపడకు.

రాడ్డు కొన టకటకా కొట్టుకుంటే కదలకు. మీసాలో రెక్కో దారానికి తగులుతున్నాయంతే. అసలు పట్టు అనుమానానికి తావివ్వదు, రాడ్డు ఒక్కసారిగా విల్లులా వంగి స్టాండు మీంచి నదిలోకి పోబోతుంది. అందుకే రాడ్డు వదిలి నాలుగడుగులు కూడా వెళ్లొద్దు. గాలం అప్పటికే నోట్లో దిగి ఉంటుంది కాబట్టి గుంజక్కర్లేదు, రాడ్డు ఎత్తి పట్టుకో చాలు. చేప పరుగెత్తితే రీలు క్లచ్ మీద దారం పోనివ్వు.

ఇక నా తప్పు చెబుతా. నా మొదటి బార్బెల్ జూలై మధ్యాహ్నం పడింది, ఏడు పౌండ్లు. ఆ ఆనందంలో గట్టు మీద పెట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు తీస్తుంటే మురిసిపోయి, తర్వాత నీళ్లలోకి వదిలేశా. రెండు గజాలు పోయి తిరగబడింది. తెల్లటి పొట్ట పైకి తేలి వడిలో కొట్టుకుపోతుంటే ఒడ్డున నిలబడి చూడటం తప్ప ఏం చెయ్యలేకపోయాను. ఇప్పటికీ ఆ తెలుపు కళ్లముందు కదులుతుంది.

కాబట్టి చేప వలలోకి రాగానే పైకెత్తకు. వలలోనే, నీళ్లలోనే, తల ఎగువకి ఉండేలా కాసేపు ఉంచు. తర్వాత చేతులు తడుపుకుని, తడిపిన చాప మీద గాలం తియ్యి. ఫోటో ఒక్కటి చాలు, అదీ మోకాళ్ల మీద కూర్చుని. వీపు మీది రెక్కకి రంపంలాంటి ముల్లుంటుంది, వలలో చిక్కుకుంటే లాగకుండా మెల్లగా విడదియ్యి. మళ్లీ నీళ్లలో తల ఎగువకి పెట్టి, పొట్ట కింద అరచేతులు ఆనించి పట్టుకో. ఐదు నిమిషాలో, పదో. ముందు మొప్పలు నిదానంగా తెరుచుకుని మూసుకుంటాయి. తర్వాత నీ చేతుల్లో ఒళ్లు బిగుస్తుంది. తోక నిన్ను తోస్తుంది. అప్పటిదాకా వదలకు, గైడు తొందరపెట్టినా సరే. కోళ్లఫారాల నుంచి వచ్చే ఫాస్ఫేటుతో ఈ నది ఇప్పటికే నలిగిపోతోంది, 2023లో ప్రకృతి రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ దీని పరిస్థితి దిగజారుతోందని ప్రకటించింది. మన చేతుల్లో ఒక్కటి కూడా పోకూడదు.

మధ్యాహ్నానికి పులిహోర కట్టుకెళ్లు గానీ చెంచాతో తిను. నదినీళ్లలో ఎలుకల వల్ల వచ్చే జబ్బుంటుంది, వేలికి గాయముంటే ప్లాస్టర్ వేసుకో. మధ్యాహ్నం ఒక్కటీ పడకపోతే దిగులు పడకు, పొద్దువాలే వేళే దానికి ఆకలి. చీకటి పడేదాకా ఉండొచ్చో లేదో గైడుని ముందే అడుగు. రాడ్డు, మేత, ఆ గట్టుకి రోజు టికెట్టు అతని డబ్బుల్లోనే కలిశాయో లేదో కూడా అడుగు. ప్రభుత్వ ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్సు, అంటే గాలం వేసే అనుమతి, మాత్రం నీ పేరు మీదే ఉండాలి. ఒక్కరోజుదీ దొరుకుతుంది, ఈ రాత్రే ఆన్‌లైన్లో తీసేసుకో.

మీ మావయ్య