హాల్లో పాత కాలం ఫోను: కొనాలా, కొంటే ఏది?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారిది చిన్న వ్యాపారం. ఇద్దరిదీ కలిపి నెలకు 72,000 వస్తుంది. పోయిన నెలే సొంత ఫ్లాట్‌లోకి మారాం. హోమ్ లోన్ ఈఎమ్ఐ 26,000. ఇంటీరియర్‌కు పెట్టుకున్న డబ్బులో 15,000 మిగిలింది. హాల్లో శ్రీకాళహస్తి కలంకారీ పటం పక్కన పాత కాలం టెలిఫోన్ పెట్టుకోవాలని నా ఆశ. ఆన్‌లైన్‌లో ‘యాంటిక్ ఫినిష్’ ఇత్తడి ఫోను 9,500కి నో కాస్ట్ ఈఎమ్ఐలో ఉంది. ముందు ముందు దీని రేటు పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతున్నారు. మా అత్తగారు దండగ అంటున్నారు. కొనమంటారా?

జవాబు: కొనుక్కోండమ్మా. ఆ 9,500 లోన్‌లో కట్టేస్తే ఎంత మిగులుతుంది, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్‌గా వేస్తే ఎంత అవుతుంది అని మీకు లెక్కలు చెప్పను. ఇన్నేళ్లు అద్దె ఇళ్లలో ఉండి సొంతిల్లు కట్టుకున్నవాళ్లకు ఒక్క వస్తువు ఇష్టంగా తెచ్చుకునే హక్కు ఉంది. కాకపోతే దాన్ని ఖర్చు పద్దులోనే రాసుకోండి. పెట్టుబడి అనుకోవద్దు.

యాంటిక్ అన్న మాట చూసి మోసపోవద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువుకు కనీసం 100 ఏళ్లు నిండాలి. మన దేశంలో ఒకప్పటి నల్ల ఫోన్లు తయారుచేసిన ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) కంపెనీ బెంగళూరులో మొదలైందే 1948లో. అంటే ఆ కంపెనీ చేసిన మొట్టమొదటి ఫోనుకైనా 2048 దాకా ఆ లెక్క కుదరదు. ఇక ‘యాంటిక్ ఫినిష్’ అంటే కొత్త సరుకునే పాతదానిలా కనబడేట్టు చేశారని అర్థం. రేపు అమ్మబోతే దానికి వచ్చేది సెకండ్ హ్యాండ్ ధరే.

నో కాస్ట్ ఈఎమ్ఐ సంగతి కూడా చెబుతాను. సాధారణంగా బ్యాంకు వేసే వడ్డీని ముందే డిస్కౌంటుగా తగ్గించి చూపిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మీదే. మొత్తం చిన్నదే కావచ్చు. చేతిలో 15,000 పెట్టుకుని అప్పు చేయడం ఎందుకన్నదే నా బాధ. ఇప్పటికే నెలకు 26,000 కడుతున్నారు, ఇంకో కంతు తగిలించుకోవద్దు.

అసలు ఖర్చు ఫోనుతో ఆగదమ్మా. ఫోను వచ్చాక దానికో స్టాండు కావాలనిపిస్తుంది. స్టాండు వచ్చాక పక్కన దీపం ఉంటే బాగుండు అనిపిస్తుంది. తర్వాత ఆ గోడకు వేరే రంగు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఇంటీరియర్ బడ్జెట్ దాటిపోయేది చాలాసార్లు ఇట్లాగే. అందుకే ఫోనూ, స్టాండూ, వైరింగూ అన్నీ కలిపి 6,000 అని కాగితం మీద రాసుకోండి. మిగతా 9,000 కదిలించవద్దు. కొత్తింట్లో మొదటి ఏడాది కుళాయి దగ్గర్నుంచి గ్రిల్ దాకా ఏదో ఒకటి బయటపడుతూనే ఉంటుంది.

ఇక ఏది కొనాలంటే, నా ఓటు నల్ల ఐటీఐ ఫోనుకే. కలంకారీ పటంలో నలుపు, ఎరుపు గీతలే ప్రాణం. దాని పక్కన తళతళలాడే ఇత్తడి పెడితే చూపంతా ఇత్తడి మీదికే పోతుంది. నల్ల ఫోను అణకువగా ఒదిగిపోతుంది. మా చిత్తూరు ఇంట్లో అలాంటిదే ఉండేది. ఎస్టీడీ (వేరే ఊళ్లకు చేసే కాల్స్) బిల్లుకు భయపడి మా నాన్న డయల్ రంధ్రంలో చిన్న తాళం వేసేవారు. సున్నా తిప్పి వదిలితే గర్రుమంటూ వెనక్కి వచ్చేదాకా ఆగాల్సిందే. ఒకటి తిప్పితే లైన్లో ఒక పల్స్, అంటే ఒక విద్యుత్ సంకేతం వెళ్తే, సున్నాకు పది వెళ్తాయి మరి! ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

పాత ఫోను కొనేటప్పుడు చేత్తో ఎత్తి చూడండి. బరువు తెలుస్తుంది. తిరగేసి అడుగున ఐటీఐ గుర్తు ఉందేమో చూడండి, డయల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో గమనించండి. ఇత్తడిదే కావాలని మనసు లాగితే ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకెళ్లండి. అంటుకుందంటే లోపల ఇనుము, పైన పూతే. అలాంటిదాన్ని చింతపండుతో తోమారంటే పూత మచ్చలు మచ్చలుగా లేచిపోతుంది.

మాట్లాడటానికి కూడా పనికిరావాలనుకుంటే ఒక చిక్కుంది. ఫైబర్ కనెక్షన్ పెట్టెకు ఫోన్ పోర్టు ఉన్నా, చాలా పెట్టెలు పాత డయల్ పల్స్‌ను గుర్తించవు. ఫోన్ వస్తే మోగవచ్చు, మీరు నంబర్ తిప్పితే మాత్రం వెళ్లకపోవచ్చు. డయల్ ఆకారంలో బటన్లు ఉండే కొత్త రకమైతే ఆ ఇబ్బంది ఉండదు. కొనేముందే మీ ఫైబర్ టెక్నీషియన్‌ను అడగండి.

చివరిగా, మీ అత్తగారి దగ్గర కూర్చుని వాళ్లింట్లో ఒకప్పుడు ఫోను ఉండేదా అని అడగండి. అటక మీద బట్టలో చుట్టి ఉంటే తుడిచి పెట్టుకోండి, ఖర్చు స్టాండుకే అవుతుంది. లేకపోతే పాత సామాన్ల అంగడికి ఆమెనే వెంటబెట్టుకెళ్లండి. బేరం ఆమెకు వదిలేయండి.