నాట్యానికి జెంబే వాయిస్తే లయ తప్పుతోందన్న ప్రశ్నకు

ఇంట్లో సాధన చేస్తే బాగానే పలుకుతున్న జెంబే (చేతులతో వాయించే పశ్చిమ ఆఫ్రికా డోలు), నర్తకుల ముందు వాయించేసరికి లయ తప్పుతోంది అన్నారు కదండీ. మీ చేతులకన్నా చెవి మీద పని చెయ్యాలి అనిపిస్తోంది.

పశ్చిమ ఆఫ్రికా దేశమైన గినీలో మలింకే తెగ వాళ్ల పద్ధతిలో జెంబే కింద కెన్కెని, సంగ్బన్, డూనున్బా అనే మూడు పెద్ద డోళ్లు నడుస్తుంటాయి. అది ఏ లయో పోల్చుకునేది ఎక్కువగా మధ్యదైన సంగ్బన్‌తోనే. ముందు దాని వరసను నోటితో పలకండి, నడుస్తూ పలకండి. అది తడబడకుండా వచ్చాక జెంబే తోడు దరువు పట్టండి. సోలో ఆ తర్వాతే, తొందర వద్దు.

వాయించేటప్పుడు చూపు చేతుల మీద కాదు, నర్తకుల పాదాల మీద ఉండాలి. సోలో జెంబే ఇచ్చే చిన్న పిలుపు దరువు విని వాళ్లు అడుగు మారుస్తారు. అది కాస్త ఆలస్యమైనా నర్తకుల వరసంతా చెదిరిపోతుంది, పాపం తప్పు వాళ్లదిలా కనిపిస్తుంది!

మామడీ కెయిటా (1950–2021) రికార్డింగులు తప్పక వినండి. 1964లో గినీ జాతీయ నృత్య బృందం జోలిబాలో చేరి, తర్వాత దాన్నే నడిపించిన మహా వాద్యకారుడాయన. మొదటిసారి మాత్రం ఆయన సోలో వదిలేసి, వెనక సంగ్బన్‌ ఒక్కదాన్నే పట్టుకోండి.