విత్తనం దెబ్బతీస్తే ఢిల్లీ మీద కేసు వేయవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. మూడెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాను. గుంటూరులో ఒక దుకాణంలో సంకరజాతి విత్తనం కొన్నాను. ఇప్పుడు చూస్తే ఒకే సాలులో ఒక మొక్కకు పొడుగు కాయ, పక్క మొక్కకు పొట్టి కాయ, కొన్నింటికి పూతే నిలవలేదు. దుకాణదారు కంపెనీని అడగమంటున్నాడు. కంపెనీ మనిషి వచ్చి, వాతావరణం వల్ల ఇలా అయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఢిల్లీలోని కేంద్ర వ్యవసాయ, రైతు సంక్షేమ మంత్రిత్వ శాఖకు రిజిస్టరు పోస్టులో అర్జీ పంపాను. వ్యవసాయం రాష్ట్రానికి సంబంధించిన అంశమని, నా అర్జీని రాష్ట్రానికి పంపామని రెండు నెలల తర్వాత జవాబు వచ్చింది. పేరులోనే రైతు సంక్షేమం ఉన్న శాఖకు బాధ్యత లేదా? దాని మీద కేసు వేయవచ్చా? పొలం యజమాని సంతకం పెట్టనందున నాకు సాగు హక్కు కార్డు లేదు. పీఎం కిసాన్ డబ్బు కూడా హైదరాబాదులో ఉంటున్న ఆయనకే పడుతోంది. నాకు దారి చూపండి.
— ఒక కౌలు రైతు

జవాబు: ముందు ఒక మాట. చేను ఇంకా నిలబడి ఉంటే దయచేసి పీకించకండి. కాపు లేని చేనుకు మళ్లీ నీరు, మందు ఎందుకని దున్నించాలనిపిస్తుంది. నష్టపోయిన రైతుకు అలా అనిపించడం సహజమే. కానీ రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ తరఫున మాట్లాడేది ఆ మొక్కలే. ఢిల్లీ జవాబు కోసం చూస్తుండగానే రెండు నెలలు గడిచాయి, తొలి కాపు అయిపోయింది. ఎండలు ముదిరితే మిగిలిన ఆధారం కూడా ఎండిపోతుంది. కాబట్టి కేంద్రం సంగతి తర్వాత, చేయవలసిన పని ముందు.

రేపే తెల్లకాగితం మీద ఫిర్యాదు రాయండి. ఎన్ని ప్యాకెట్లు కొన్నారు, ఏ తేదీన, ఎవరి దగ్గర, నారు ఎప్పుడు పోశారు, ఎప్పుడు నాటారు, తేడా ఎప్పుడు కనబడింది అన్నవన్నీ అందులో ఉండాలి. ఒక ప్రతి మండల వ్యవసాయాధికారికి, ఇంకొకటి ఉద్యానాధికారికి ఇవ్వండి. మన రాష్ట్రంలో మిర్చి ఉద్యాన శాఖ కిందికి వస్తుంది. ఒకరు ఇంకొకరి మీదకు తోసే అవకాశం లేకుండా ఇద్దరికీ ఇచ్చి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 1968 నాటి విత్తన నిబంధనల్లో 23-ఎ అనే నిబంధన ఉంది. విత్తనం నాసిరకం కావడం వల్ల పంట పోయిందని రైతు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, విత్తన తనిఖీ అధికారి ఆ ప్యాకెట్లను, లేబుళ్లను, మిగిలిన విత్తనం ఉంటే దాని నమూనాను స్వాధీనం చేసుకుని, కారణం విచారించి, పై అధికారికి నివేదిక ఇవ్వాలి. ఫిర్యాదులో ఈ నిబంధన పేరు ఎత్తండి. మీ రకం నోటిఫై కాలేదని, అంటే విత్తన చట్టం కింద కేంద్రం ప్రకటించిన రకం కాదని, అందుకే ఈ నిబంధన వర్తించదని కంపెనీ అడ్డం తిరగవచ్చు. అప్పుడు నిత్యావసర సరుకుల చట్టం కింద వచ్చిన 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ఉంది. దుకాణదారుడి లైసెన్సు నడిచేది దాని కిందే. అందుకే ఫిర్యాదులో రెండూ రాయండి.

చేను చూడటానికి అధికారి వచ్చేటప్పుడు గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తను వెంట తీసుకురమ్మని, కంపెనీకి, దుకాణదారుకు ముందుగా నోటీసు ఇవ్వమని లిఖితంగా కోరండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ‘మాకు తెలియకుండా చేను చూశారు’ అని కంపెనీ చేసిన ఒక్క వాదనతో నివేదిక బలం పోయిన కేసులు ఉన్నాయి. నివేదికలో ‘పంట బాగోలేదు’ అని రాస్తే చాలదు. నాలుగైదు చోట్ల వందేసి మొక్కలు లెక్కపెట్టి, వాటిలో కల్తీ మొక్కలు ఎన్ని, కాయ తీరు ఏమిటి, వైరస్ గాని నల్ల తామర పురుగు గాని ఏ మేరకు ఉంది అన్నది విడివిడిగా రాయించాలి. వాతావరణం అన్న కంపెనీ మాటకు సమాధానం ఆ లెక్కలోనే ఉంటుంది. వాతావరణం చెడితే చేనంతా ఒకేలా దెబ్బ తింటుంది. ఒకే సాలులో ఒకదానికి పొడుగు కాయ, పక్కదానికి పొట్టి కాయ రావడానికి ఎండను, వానను తప్పు పట్టలేం.

ఖాళీ విత్తన ప్యాకెట్లు ఉన్నాయా? నారు పోసిన రోజే చాలామంది పారేస్తారు. కొన్నేళ్ల కిందట ఒక రైతు నా దగ్గరకు వచ్చి, ఇంటి చూరులో దోపి ఉంచిన మూడు ప్యాకెట్లను పాలిథిన్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. మట్టి అంటి, అంచులు నలిగి ఉన్నాయి. వెనుక లేత పచ్చ రంగు లేబుల్ మీద లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం, జన్యు స్వచ్ఛత శాతం మాత్రం స్పష్టంగా కనిపించాయి. ఆయన దగ్గర బిల్లు కూడా ఉంది, రెండింటి మీద లాట్ నంబరు ఒక్కటే. కంపెనీ వకీలు ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశాక గొంతు తగ్గించాడు. మీ ప్యాకెట్లు పోయి ఉంటే మీతో కలిసి అదే దుకాణంలో కొన్న తోటి రైతులను అడగండి. మీకు తెల్ల చీటీ మాత్రమే ఇచ్చి ఉంటే దాన్ని దాచుకోండి, ఫోన్‌పేలో చెల్లించి ఉంటే ఆ వివరం ముద్రించి పెట్టుకోండి. బిల్లు ఇవ్వడం దుకాణదారుడి విధి. ఇవ్వకపోవడం అతని తప్పే తప్ప మీది కాదు.

ఇక కేసు. గుంటూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దుకాణదారును, కంపెనీని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ఫిర్యాదు వేయవచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు 2019 నాటి చట్టం ఇచ్చింది. సరుకుకు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. ఇక్కడ చూసేది మీరు అడిగే పరిహారాన్ని కాదు, విత్తనానికి పెట్టిన డబ్బును. రెండేళ్ల లోపు వేయాలి, కానీ అంత గడువు ఉందని ఊరుకోకండి. విత్తనాన్ని ప్రయోగశాలకు పంపలేదు కాబట్టి కేసు చెల్లదన్నది కంపెనీల పాత వాదన. ఆంధ్రప్రదేశ్ రైతులు జాతీయ విత్తన సంస్థ మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఆ వాదనను తోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా చేలో వేసే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఆశించలేమని చెప్పింది. రైతు కూడా వినియోగదారుడేనని ఆ తీర్పు స్పష్టం చేసింది.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న. మీకు వచ్చిన జవాబు అబద్ధం కాదు, కానీ అది సగం నిజమే. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో వ్యవసాయం రాష్ట్ర జాబితాలో 14వ అంశం. 2015లో శాఖ పేరుకు ‘రైతు సంక్షేమం’ చేర్చినంత మాత్రాన ఆ జాబితా మారలేదు. అయితే 1966 నాటి విత్తన చట్టం పార్లమెంటు చేసినది. ఏ రకాలను నోటిఫై చేయాలో, మొలక శాతం, స్వచ్ఛత కనీసం ఎంత ఉండాలో నిర్ణయించేది కేంద్రం. చట్టం అమలు కోసం రాష్ట్రాలకు ఆదేశాలు ఇచ్చే అధికారమూ దానిదే. తనిఖీ అధికారిని, విత్తనాన్ని పరీక్షించే విశ్లేషకుడిని నియమించేది మాత్రం రాష్ట్రం. అంటే కొలబద్ద ఢిల్లీలో తయారవుతుంది, దాన్ని పట్టుకుని మీ చేనుకు రావలసిన మనిషి మీ మండలంలో ఉన్నాడు.

మంత్రిత్వ శాఖను తప్పకుండా నిలదీయవలసిన విషయం ఒకటుంది. విత్తన చట్టంలో తొలి నేరానికి రాసిన శిక్ష 500 రూపాయల వరకు జరిమానా. 1966లో రాసిన అంకె అది. మూడెకరాల మిర్చికి లక్షలు పోసిన రైతు ముందు ఆ అంకె చదవడానికి నాకు సిగ్గేస్తుంది. దీన్ని మార్చడానికి 2004లో పార్లమెంటుకు బిల్లు వచ్చినా చట్టం కాలేదు. 2025 నవంబరులో మంత్రిత్వ శాఖ కొత్త ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. ఢిల్లీకి రాస్తే ఈ విషయం మీద, మీ ఊరి రైతులంతా సంతకాలు చేసి రాయండి. మీ ప్యాకెట్ల గొడవను మాత్రం మండలంలోనే తేల్చుకోవాలి.

మీ రకం, మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001 కింద రిజిస్టరై ఉంటే ఇంకో తలుపు కూడా ఉంది. కంపెనీ చెప్పినంత దిగుబడి రాకపోతే ఆ చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థను పరిహారం అడగవచ్చు. అది ఈ మంత్రిత్వ శాఖ పరిధిలోని సంస్థే. రిజిస్టరైందో లేదో ముందు తెలుసుకోండి.

ధర గురించి మీరు అడగలేదు కానీ, యార్డుకు వెళ్లే ప్రతి రైతూ నన్ను అడుగుతాడు కాబట్టి చెబుతున్నాను. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో మిర్చి లేదు. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది, అదీ ఆ ఒక్క సీజనుకు. సుగంధ ద్రవ్యాల బోర్డు వాణిజ్య శాఖ కింద, ఎరువులు వేరే మంత్రిత్వ శాఖ కింద ఉన్నాయి. మిర్చి రైతుకు ఢిల్లీలో ఒక్క గుమ్మం తొక్కితే పని కాదు.

కేంద్రం మీద సివిల్ దావా వేయాలంటే ముందు రెండు నెలల గడువుతో నోటీసు ఇవ్వాలి. సదుద్దేశంతో చేసిన పనులకు ప్రభుత్వం మీద దావా పడకుండా విత్తన చట్టమే రక్షణ ఇచ్చింది. మీ విషయంలో ఆ దావా నిలవదు. డబ్బు, కాలం రెండూ పోతాయి. కానీ ముద్ర వేయించుకున్న ఫిర్యాదు చేతిలో ఉండీ తనిఖీ అధికారి చేనుకు రాకపోతే, ఆయన విధిని ఆయన చేత చేయించమని హైకోర్టులో రిట్ వేయవచ్చు. దానికి బలం ఉంది. మీ అర్జీ రాష్ట్రంలో ఏ అధికారి దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.

కార్డు లేదని వినియోగదారుల కేసు ఆగదు. కొన్నది మీరు, సాగు చేసింది మీరు. ఒకవేళ బిల్లు యజమాని పేరున ఉన్నా, కొన్న వ్యక్తి సమ్మతితో వాడుకునేవాడూ చట్టం దృష్టిలో వినియోగదారుడే. సాగు మీదేనని చూపడానికి ఈ-పంట నమోదు, కౌలు చెల్లించిన ఆధారాలు, ఎరువుల బిల్లులు, పక్క పొలాల రైతుల వాంగ్మూలం పనికొస్తాయి. పీఎం కిసాన్ సంగతికి వస్తే, ఏడాదికి 6,000 రూపాయల ఆ సాయం భూమి పేరున ఉన్న కుటుంబానికే అని పథకంలోనే రాసి ఉంది. కౌలు రైతుకు అందులో చోటు లేదు. అది అన్యాయమని నేనూ అంటాను, కానీ యజమాని దాన్ని తీసుకోవడం నేరం కాదు.

వచ్చే ఏడాదికి మాత్రం కార్డు సంపాదించండి. పంట బీమాలో కౌలు రైతుకు చోటు ఉంది. ఆ బీమా విత్తన లోపానికి పనికిరాదు గాని వానకు, తెగులుకు పనికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 ప్రకారం ఒప్పందం 11 నెలలకే, భూమి మీద కౌలుదారుకు ఏ హక్కూ రాదు. యజమాని భయం పాత కౌలుదారీ చట్టాల నాటిది. సంక్రాంతికి ఆయన ఊరికి వచ్చినప్పుడు ఆ చట్టం తెలుగు ప్రతిని ఆయన చేతిలో పెట్టి, ఆ రెండు మాటలు చూపించండి.

వకీలును పెట్టుకునే స్థోమత లేకపోతే గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది. నిర్ణీత ఆదాయ పరిమితి లోపు ఉన్నవారికి, ఆదాయంతో పనిలేకుండా మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోను చేసినా వివరం చెబుతారు. మండల కార్యాలయం ముద్ర పడిన ఫిర్యాదు ప్రతిని వెంట తీసుకెళ్లండి.