రాత్రంతా వేలికి ఆక్సీమీటర్: గ్రాఫు ఏం చెబుతుంది?

ప్రశ్న: మావారికి 52 ఏళ్లు. గట్టిగా గురక పెడతారు. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారు. డాక్టరు గారు ఒక రాత్రికి రికార్డింగ్ ఆక్సీమీటర్ ఇచ్చారు. రిపోర్టులో ఓడీఐ 22, కనిష్ఠ ఆక్సిజన్ 71 శాతం అని ఉంది. ఆ 71 చూసి భయమేస్తోంది. ఇది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే జబ్బేనా?

జవాబు: ముందు ఆ 71 ఎక్కడ పడిందో గ్రాఫులో వెతకండి. క్లిప్పు జారినా, నిద్రలో చెయ్యి కదిలినా ఒక్క క్షణం అంత తక్కువ అంకె నమోదవుతుంది. గీత నిట్టనిలువుగా పడి అలాగే లేచి, అదే చోట నాడి గీత కూడా చెదిరితే ఆ అంకెను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

శ్వాస నిజంగా ఆగితే ఆక్సిజన్ మెల్లగా దిగుతుంది, ఊపిరి అందాక గబుక్కున లేస్తుంది. ఆ వెంటనే నాడి వేగం పెరుగుతుంది. ఇలా మళ్లీ మళ్లీ జరిగితే గ్రాఫు రంపపు పళ్లలా కనిపిస్తుంది. నేనైతే కనిష్ఠ అంకె కన్నా ఈ ఆకారాన్నే ఎక్కువ నమ్ముతాను.

ఓడీఐ అంటే గంటకు సగటున ఎన్నిసార్లు ఆక్సిజన్ పడిపోయిందన్న లెక్క. కొన్ని రిపోర్టులు 3 శాతం తగ్గుదలను లెక్కిస్తాయి, కొన్ని 4 శాతాన్ని. 3తో లెక్కిస్తే సంఖ్య పెద్దదిగా వస్తుంది కాబట్టి మీ రిపోర్టులో ఏది వాడారో చూడండి. పరికరం ఎన్ని సెకన్ల సగటు తీస్తోందన్నదీ ముఖ్యమే. 3 సెకన్లో అంతకన్నా తక్కువో ఉంటే మంచిది. సగటు సమయం పెరిగేకొద్దీ చిన్న పళ్లు అరిగిపోయి ఓడీఐ తగ్గుతుంది.

గ్రాఫు శుభ్రంగా ఉండి 22 వచ్చిందంటే, మీరు చెప్పిన లక్షణాలతో కలిపి ఆప్నియా అనుమానం బలమైనదే. అయినా శ్వాస ఎందుకు ఆగిందో ఆక్సీమీటర్ చెప్పలేదు. గొంతు మూసుకుపోయిందా, మెదడు నుంచి ఆదేశం అందలేదా అన్నది తేలాలంటే ముక్కు దగ్గర గాలి ప్రవాహాన్ని, ఛాతీ కదలికను కొలిచే నిద్ర పరీక్ష కావాలి. గుండె వైఫల్యంలో కూడా ఇలాంటి అలలే రావచ్చు. రాత్రంతా గీత కిందే నిలిచి ఉంటే అది వేరే సంగతి, ఊపిరితిత్తులను చూడాలి.

మళ్లీ పెట్టుకోవాల్సి వస్తే గోరు రంగు తీసేసి, చెయ్యి వెచ్చగా ఉంచి, తీగను మణికట్టుకు టేపుతో అంటించండి.

ప్రశ్న: నాకు 30 ఏళ్లు, సన్నగా ఉంటాను. ఓడీఐ 3 మాత్రమే వచ్చింది. కానీ పగలంతా నిద్రమత్తు. ఆప్నియా లేనట్టేనా?

జవాబు: అలా అనుకోవద్దు. ఊపిరితిత్తులు బాగున్నవారిలో, ఆక్సిజన్ అంతగా పడకముందే మెదడు మేలుకుని శ్వాసను నడిపిస్తుంది. నిద్ర ముక్కలవుతుంది, గ్రాఫు మాత్రం నున్నగా ఉంటుంది.

ఇంకో చిక్కూ ఉంది. పరికరం వేలికి ఉన్న గంటలను లెక్కిస్తుంది గానీ మీరు నిద్రపోయిన గంటలను కాదు. 8 గంటల్లో 24 సార్లు పడితే ఓడీఐ 3. అందులో నిజంగా నిద్రపోయింది 5 గంటలే అయితే అది దాదాపు 5.

మత్తు తగ్గకపోతే మెదడు తరంగాలను కూడా నమోదు చేసే పూర్తి నిద్ర పరీక్ష, అంటే పాలీసామ్నోగ్రఫీ చేయించుకోండి. అందాకా నిద్ర ముంచుకొస్తుంటే బండి నడపకండి.