చివరి అరడుగు మనిషిదే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పునాది గుంతల గురించే. నా తల నెరిసింది ఆ పనుల్లోనే కాబట్టి సంపాదకులు కట్టంతా నాకే పంపించారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. పేర్లు వేయలేదు, కొందరు తమ పై మేస్త్రి మీదే రాశారు మరి.

*మేస్త్రి గారూ, ఇల్లు కట్టుకుంటున్నాం. జేసీబీతో ఫుటింగు గుంతలు 7 అడుగుల లోతున తీయించాం. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. గుంత అడుగు చదును చేయడానికి ఇద్దరిని దింపుతానంటున్నాడు మా మేస్త్రి. "గట్టి మొరం, మూడు రోజులుగా చెక్కు చెదరలేదు, అరపూట పని" అంటున్నాడు. మాకు మాత్రం భయంగా ఉంది. అనవసరంగా భయపడుతున్నామా?*

కాదమ్మా, సరిగ్గానే భయపడుతున్నారు. మూడు రోజులు నిలిచిందన్న మాట వింటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. తవ్వకముందు ఆ మట్టిని పక్క మట్టి ఒత్తి పట్టుకుని ఉంటుంది. ఒక పక్క తీసేశాక గోడ కంటికి తెలియనంత మెల్లగా ఖాళీ వైపు జరగడం మొదలుపెడుతుంది. మట్టిలో ఉన్న చెమ్మ కొన్నాళ్లు రేణువుల్ని పట్టి ఉంచుతుంది. ఎండకు ఆ చెమ్మ ఆరినా పట్టు పోతుంది, వానకు మితిమీరినా పోతుంది. అందుకని నిన్నటి గోడను చూసి ఇవాళ్టి గోడకు పూచీ ఇవ్వలేం. గుంత అంచుకు కాస్త వెనగ్గా, అంచు వెంబడే పారే సన్న పగులు పైన కనిపించిందా, ఆ గోడ అప్పటికే బయల్దేరిందని అర్థం. గోడ మధ్యలో ఉబ్బడం, అడుగు పొంగడం, చిన్న చిన్న పెళ్లలు రాలుతూ ఉండటం, నీటి ఊట కనబడటం, వీటిలో ఏ ఒక్కటి కంటబడినా లోపల మనిషి ఉండకూడదు.

ఇక బరువు సంగతి. ఘనపు మీటరు మట్టి టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా తూగుతుంది. 7 అడుగుల గోడ నుంచి అంత మట్టి విరిగిపడటం పెద్ద విశేషమేమీ కాదు. మొహం బయటే ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. ఛాతీ దాకా పూడుకుంటే, ఊపిరి వదిలినప్పుడల్లా ఛాతీ తగ్గిన మేర మట్టి సర్దుకుంటుంది, మళ్లీ పీల్చుకోవడానికి చోటివ్వదు.

అమెరికాలో కార్మికుల భద్రత చూసే సంస్థ ఓషా నిబంధన ప్రకారం 5 అడుగులు, అంతకు మించిన తవ్వకానికి గట్టి రాయి అయితే తప్ప ఏదో ఒక రక్షణ ఉండాలి. మన కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమావళి 1.5 మీటర్లంటుంది. రెండూ ఒకటే లెక్క. మీ గుంత ఆ గీత ఎప్పుడో దాటేసింది. అలాగని 4 అడుగుల గుంత క్షేమమనుకోకండి. యంత్రం తవ్వేటప్పుడు గుంతలో ఎవరూ ఉండరు, గోడ కూలితే మళ్లీ తోడుకుంటాం. "తవ్వకం అయిపోయింది, ఇక ఫినిషింగే" అన్నాకే మనిషి దిగేది. దిగినవాడు నిలబడి పనిచేయడు. వంగుతాడు, గొంతుక్కూర్చుంటాడు. 4 అడుగుల గుంతలో గొంతుక్కూర్చున్నవాడి తల నేల మట్టానికి కిందే ఉంటుంది. చూపంతా అడుగు మీదే, వెనక గోడ కదిలితే ఎలా తెలుస్తుంది? లోతు కొలిచేటప్పుడు కూర్చున్న మనిషిని కూడా లెక్కలో పెట్టమని నేను పట్టుబట్టేది అందుకే.

మీకున్న దారులు ఇవి. స్థలం ఉంటే గోడను ఏటవాలుగా కోయించండి. గట్టి బంకమట్టికి నిలువు 1 అయితే అడ్డం ముప్పావు, మధ్యరకం నేలకు 1కి 1, ఇసుక నేలకూ ఊట నేలకూ 1కి ఒకటిన్నర. మీ 7 అడుగుల గుంతకు 1కి 1 అంటే నాలుగు పక్కలా ఏడేసి అడుగులు వెనక్కి పోవాలి. చిన్న స్థలంలో అది కుదిరేది కాదు. మెట్లు మెట్లుగా కోయడానికీ దాదాపు అంతే జాగా కావాలి. అదీ లేకపోతే దన్నే గతి. గోడకు నిలువు పలకలు, వాటి మీద అడ్డ దుంగలు, ఎదురెదురు గోడల మధ్య బిగించిన దన్ను కర్రలు. ఏ మందం కర్ర, ఎంత దూరానికొకటి అన్నది ఇంజనీరు చెప్పాలి, కంటి అంచనాతో తేల్చేది కాదు. పైనుంచి కిందికి బిగించుకుంటూ రావాలి, తీసేటప్పుడు కింది నుంచి పైకి. దన్ను లేని గోడ కింద నిలబడి దన్ను బిగించడం నేను కళ్లారా చూసిన మూర్ఖత్వాల్లో మొదటిది.

ఇంకో మాట. తీసిన మట్టి ఎక్కడ పోశారు? అంచునే అయితే ముందు దాన్ని జరిపించండి. కేంద్ర ప్రజాపనుల శాఖ ఒప్పందాల్లో ఉండే దూరం 1.5 మీటర్లు లేదా లోతులో సగం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ఇటుకలు, ఇసుక, కాంక్రీటు మిల్లరు, లారీ, అన్నీ అంచుకు దూరంగానే ఉండాలి. ప్రతి గుంతకూ నిచ్చెన ఉండాలి, అది నేల మట్టానికి పైన 3 అడుగులు లేచి ఉండాలి. దన్ను కర్రలు పట్టుకుని ఎక్కడం దిగడం వద్దు. పైన ఒక మనిషి ఫోను చూడకుండా గోడలనే చూస్తూ నిలబడాలి. ఇవన్నీ అయ్యాక ఆ అరపూట పని చేయించుకోండి.

*సైట్‌లో సూపర్‌వైజరుగా కొత్తగా చేరాను సార్. చివరి అరడుగు యంత్రంతో తీయొద్దని మా ఇంజనీరు గారు ఆపేశారు. బకెట్‌తో రెండు నిమిషాల్లో అయ్యే పనికి మనుషుల్ని ఎందుకు పెట్టాలి? మనుషులు చేసేటప్పుడు వరస ఎలా ఉండాలి?*

మీ ఇంజనీరు చెప్పింది సబబే తమ్ముడూ. బకెట్ పళ్లు మనం ఆగమన్న చోటికి ఇంకొంత కింద కూడా మట్టిని కదిలిస్తాయి. పైకి చదునుగానే కనిపిస్తుంది, కింద గుల్ల. ఇంటి బరువు పడ్డాక ఆ గుల్ల అణుగుతుంది. పైగా అడుగు ముందే తెరిచి ఉంచితే వానకు మెత్తబడుతుంది, ఎండకు బీటలు వారుతుంది. నల్లరేగడిలో అయితే మరీను. అందుకే ఆ 150 మిల్లీమీటర్లు కప్పులా ఉంచి, పీసీసీ (పునాది కింద పోసే చువ్వల్లేని కాంక్రీటు పొర) పోసే రోజునే తీయిస్తారు. ముందు రోజు తీయించి "రేపు పోద్దాం" అంటే ఆ కష్టమంతా వృథా.

వరస అడిగావు. మొదట పక్క గోడలు చెక్కించు, తర్వాతే అడుగు. గోడ చెక్కేవాడు పైనుంచి కిందికి రావాలి. కింద లాగేస్తే పైది దానంతటదే పడుతుందని బద్ధకించి గోడ పాదం దగ్గర గుహలా తొలిచేవాళ్లుంటారు. వాళ్ల చేతిలోంచి పలుగు లాక్కో. కింద ఖాళీ చేసి పైది తన మీద పడేదాకా ఎదురుచూడటమే అది. గోడలోంచి పొడుచుకొచ్చిన రాయిని కింద నిలబడి పెకలించనీయొద్దు. పై అంచు సురక్షితంగా ఉంటే పైనుంచి, లేదంటే యంత్రంతో.

గుంత అడుగుకు డంపీ లెవెల్‌తోనో (మట్టం చూసే దుర్భిణి), పైపు లెవెల్‌తోనో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టం) గుర్తులు తీసుకుని నాలుగు మూలలా మేకులు కొట్టించు. పైపులో గాలి బుడగ ఒక్కటున్నా లెక్క తప్పుతుంది, కాబట్టి వెలుతురుకు పెట్టి ఈ చివరి నుంచి ఆ చివరికి చూడు. మేకుల మధ్య దారం లాగి, దారం నుంచి కిందికి కొలిచే పుల్ల ఒకటి కోసి పెట్టుకుంటే ప్రతిసారీ టేపు అక్కర్లేదు. నిచ్చెనకు దూరంగా ఉన్న మూల మొదలుపెట్టి, నిచ్చెన వైపు వెనక్కి జరుగుతూ పని చేయించు. ఎదురు దిశలో చేస్తే తీర్చిన అడుగును మన కాళ్లే పాడు చేస్తాయి.

ఎక్కడైనా లోతు ఎక్కువైందా, తీసిన మట్టినే వేసి తొక్కించి సరిచేయకు. ఆ పల్లాన్ని పీసీసీతోనే నింపాలి. ఇనప చువ్వను చేత్తో గుచ్చి చూడు. ఒక చోట గట్టిగా, ఇంకో చోట సులువుగా దిగుతుంటే పని ఆపి ఇంజనీరును పిలువు. పాత బావో, పూడ్చిన గుంతో ఉండి ఉండొచ్చు. ఒకసారి తవ్వి పూడ్చిన నేల గోడగా కూడా నమ్మదగింది కాదు.

*పలుగుతో పొడుస్తుంటే వరసగా పేర్చిన ఇటుకలు తగిలాయి. కింద ఇసుక ఉంది. తీసేసి తవ్వమన్నారు. నేను తవ్వలేదు. పిరికివాడన్నారు.*

వాళ్లన్నది పట్టించుకోకు. మట్టిలో వరసగా ఇటుకలు, పలకలు, రంగు రిబ్బను, ఉన్నట్టుండి శుభ్రమైన ఇసుక, ఇవన్నీ ఎవరో కావాలని పెట్టిన గుర్తులు. కింద కరెంటు కేబులో, గ్యాసు గొట్టమో ఉంటుంది. ఆ లైను ఎవరిదో వాళ్లు వచ్చి తేల్చేదాకా పలుగు, గడ్డపార పక్కన పెట్టాలి. కేబులు కనబడితే, కరెంటు లేదని రుజువయ్యేదాకా ఉన్నట్టే లెక్క. తుప్పు పట్టిన గొట్టంలా కనిపించేది కూడా కేబులే కావొచ్చు. వాళ్లు అనుమతించాక కూడా నేరుగా దాని నెత్తిన పొడవకూడదు. పక్కన దిగి, మొన లేని పారతో పక్కవాటుగా మట్టిని గీకుతూ దాన్ని చేరాలి. పార మీద కాలేసి తన్నడం వద్దు. బయటపడ్డ కేబులు మీద అడుగేయడం, దాన్ని పట్టుకుని పైకెక్కడం కూడా వద్దు. గ్యాసు వాసన వస్తే పని, బీడీ, యంత్రం అన్నీ ఆపి దూరంగా వెళ్లిపోండి.

*తట్టలు మోస్తాను అన్నా. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. కింద ఉన్నవాళ్లు మట్టి పైకి విసిరితే సగం నా మీదే పడుతోంది. అడిగితే "లోతు పెరిగింది, ఏం చేయమంటావ్" అంటున్నారు.*

లోతు పెరిగితే చేయాల్సింది ఉంది చెల్లెమ్మా. ఎర్త్‌వర్క్ లెక్కల్లో మట్టి ఎత్తివేతకు 1.5 మీటర్లను ఒక మెట్టుగా పట్టుకుంటారు. అది దాటితే ఇంకో ఎత్తివేత కింద కూలి కట్టాలి. అంటే ఒకే విసురుతో అంతకు మించి పైకి పంపడం ధర్మం కాదని లెక్కరాసేవాళ్లు కూడా ఎప్పుడో ఒప్పుకున్నారు. గోడకు దన్ను ఉంటే మధ్యలో బల్ల వేసి రెండు అంచెలుగా పంపాలి, లేదా తాడు, బకెట్, పైన కప్పీ. బకెట్ లేస్తున్నప్పుడు దాని కింద ఎవరూ ఉండకూడదు.

తట్ట నిండా పోయించుకోకు, ముప్పావు చాలు. తడిసిన మట్టి అయితే ఇంకా తక్కువ. ఎత్తేటప్పుడు తట్టను ఒంటికి దగ్గరగా పట్టుకుని మోకాళ్లు వంచి లే. నడుం తిప్పి పక్కకు కుమ్మరించకు, కాళ్లతో సహా తిరుగు. తవ్వేవాళ్లను, మోసేవాళ్లను గంటకోసారి మార్చమని అందరూ కలిసి అడగండి, ఒక్కదానివే అడిగితే బద్ధకమంటారు. మండే ఎండల్లో బరువైన తవ్వకం పొద్దున్నే ముగించాలి. దాహమయ్యేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతుండాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదట తక్కువ పనితో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, ఒళ్లు వేడికి అలవాటు పడటానికి రోజులు పడుతుంది. మాట తడబడినా, అడుగులు తూలినా వెంటనే నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

*గుంతలో నీళ్లూరుతున్నాయి. పైపు పొడవు చాలక డీజిల్ పంపును కిందే పెట్టాం. ఇబ్బందేమైనా ఉందా?*

ఉంది. ఇప్పుడే పైకి తీయండి. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు, గుంతలో గాలి ఆడదు. పంపు పైన, పైపు కింద, అంతే. పాత సెప్టిక్ ట్యాంకు, మురుగు కాలువ దగ్గరి గుంతల్లో పంపు లేకపోయినా గాలి చెడి ఉండొచ్చు. గాలిని కొలిచే పరికరంతో చూడకుండా దిగొద్దు. నీటికి ఒక మూల చిన్న గుంట తీసి, చిల్లుల డ్రమ్ము దించి, చుట్టూ కంకర పోసి అందులోంచి తోడండి. వచ్చే నీరు బురదగా ఉంటే గోడ కింది మట్టి కొట్టుకొస్తున్నట్టే, తోడటం ఆపి ఇంజనీరుకు చూపించండి.

*మట్టి విరిగి మనిషి మీద పడితే మొదట ఏం చేయాలి? మా దగ్గర అందరూ ఒక్కసారిగా దూకేస్తారు.*

దూకొద్దు. విరిగిన గోడ వెనక మిగిలిన గోడ ఇంకా బలహీనంగా ఉంటుంది, రెండోసారి పడేది రక్షించడానికి దిగినవాళ్ల మీదే. అగ్నిమాపక దళానికీ, అంబులెన్సుకూ ఫోను చేసి "మట్టిలో మనిషి కూరుకుపోయాడు" అని స్పష్టంగా చెప్పండి. యంత్రాలన్నీ ఆపేయండి, అదురు తగ్గాలి. అంచు నుంచి జనాన్ని దూరంగా పంపండి. ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో చూసినవాణ్ని పక్కనే నిలబెట్టండి, తవ్వే చోటు అతనే చూపించాలి. లోపల ఎందరున్నారో లెక్కపెట్టండి. గోడకు దన్ను పెట్టాకే దిగాలి, దిగినవాళ్లు చేతులతోనూ, చిన్న పారలతోనూ తవ్వాలి. మొహం, ఛాతీ ముందు. జేసీబీ బకెట్‌తో వెతకడం, తాడు కట్టి లాగడం, రెండూ ప్రాణం తీసేవే.

బయటికొచ్చినవాడు "బాగానే ఉన్నాను" అన్నా ఆసుపత్రికి పంపాలి. గంటల తరబడి నలిగిన కండరాల్లోంచి విషపదార్థాలు ఒక్కసారిగా రక్తంలో కలుస్తాయి, అవి గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తాయి. ఎంతసేపు మట్టిలో ఉన్నాడో డాక్టరుకు చెప్పడం మరవకండి.