ముందు నోటుపుస్తకం కొను

అమ్మడూ, ఆశీస్సులు.

పురుగుల లెక్క రాస్తానని, ఏ కెమెరా కొనమంటావని అడిగావు. ఏదీ కొనకు, నీ ఫోను చాలు. నోటుపుస్తకం, పెన్సిలు మాత్రం కావాలి. పెన్ను వద్దు, వానకు సిరా కారిపోతుంది.

అడవులకు పోనక్కర్లేదు, పెరట్లో మొదలుపెట్టు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్ల కావచ్చు. మీ అమ్మ దులిపేయకముందే చూడు. జిల్లేడు మీద రంగురంగుల మిడతలుంటాయి. రాత్రి తెల్లదుప్పటి కట్టి దీపం పెడితే రెక్కల పురుగులు వాటంతటవే వచ్చి వాలతాయి. పేర్లు తెలియవని కంగారుపడకు. తేదీ, చోటు, ఏ మొక్క, ఎన్ని అన్నది రాస్తే పేరు తరవాతైనా తేలుతుంది. ఆ నాలుగూ లేని ఫొటో గోడకు తగిలించుకోవడానికే.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేనే చేశాను. నా చిన్నప్పుడు ఆరుద్ర కార్తె తొలివానకు మన చేను గట్టంతా ఆరుద్ర పురుగులతో ఎర్రబడేది. ఇప్పుడు ఒక్కటి కనిపించాలంటే వెతుక్కోవాలి. తగ్గాయని ఎవరితోనైనా వాదిస్తాను, రుజువు చూపమంటే మాత్రం నా దగ్గర ఒక్క కాగితం లేదు. జంతుశాస్త్రం పాఠాలు చెప్పి, పులులెన్నని అడిగి మార్కులు వేసినవాణ్ణి, గట్టు మీదివి ఒక్క ఏడాదీ లెక్కపెట్టలేదు! దేశం సంగతీ ఇంచుమించు ఇదే. భారత జంతు సర్వేక్షణ సంస్థ 1916 నుంచి ఉంది. లక్షకు పైగా జంతుజాతులు నమోదయ్యాయి, వాటిలో చాలా భాగం వెన్నెముక లేనివే. పేరు పుస్తకానికెక్కింది సరే, వాటిలో ఎన్నింటి సంఖ్యను ఏటేటా చూస్తున్నారు?

మన గుత్తి పేరు మోస్తున్న నీలి సాలీడునే చూడు. 1899లో అక్కడి రైల్వే కలప అడితిలో దొరికినదాన్ని బట్టి దానికి శాస్త్రీయ నామం పెట్టారు. మళ్లీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది 2001లో. ఇప్పుడది అంతరించే ప్రమాదం అంచున ఉంది. పెంచుకోవడానికి విదేశాల్లో దాన్ని కొనేవాళ్లున్నారు, కాబట్టి అలాంటిది నీ కంటపడితే చోటు నీ పుస్తకం దాటనివ్వకు.

వారానికొకసారి, అదే దారిలో, అదే వేళకు అరగంట నడువు. రాయి ఎత్తి చూస్తే తిరిగి అలాగే పెట్టు. ఏమీ కనిపించని రోజు ‘సున్నా’ అని రాయి. చాలామంది దాన్నే వదిలేస్తారు.

ఆరుద్ర కార్తెకు ఇంకా పది రోజులుంది. ఈలోగా పుస్తకం కొనుక్కో.

మీ మామయ్య