సరుగుడు, నీలగిరి తోలే బండికి గుంజలు: వెల్డింగ్ చేసేయాలా, జరుపుకునేవి పెట్టించాలా?

మీరు అడిగింది ఇది: సబ్బవరం దగ్గర మీకు ఒక ఆరు చక్రాల లారీ, ఒక ట్రాక్టర్ తొట్టి ఉన్నాయి. సీజన్‌లో సరుగుడు, నీలగిరి కర్ర తోలతారు, మిగతా రోజుల్లో లారీకి సిమెంటు, బియ్యం బస్తాలు. కర్ర పక్కలకి జారకుండా ఆపే గుంజల్ని బండికే వెల్డింగ్ చేయించాలా, లేక పొడవుకీ ఎత్తుకీ తగ్గట్టు మార్చుకునేవి పెట్టించాలా? ఒక మేస్త్రీ ఒకలాగా, ఇంకో మేస్త్రీ ఇంకోలాగా చెప్పారన్నారు.

నేను గాజువాక ఆటోనగర్‌లో ఫాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. కర్ర బండ్ల పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మార్చుకునేవే పెట్టించండి. అయితే ముందుకీ వెనక్కీ జరిగేవి, పని అయ్యాక ఊడదీసేవి పెట్టించండి. ఎత్తు పెంచుకునే గుంజ మాత్రం వద్దు. ఎందుకు వద్దో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

ముందు జరపడం సంగతి. కర్ర ఎప్పుడూ ఒకే పొడవులో రాదు. పేపరు మిల్లుకి వెళ్లేది ఒక కొలత, సెంట్రింగ్‌కి వెళ్లే సరుగుడు వాసాలు ఇంకో కొలత, సామిల్లుకి వెళ్లే దుంగలు మరోటి. అడ్డదూలం, దానికి రెండు చివర్లా నిలబడే రెండు గుంజలు, ఇది ఒక సెట్టు. ప్రతి కర్రా కనీసం రెండు సెట్ల మీద ఆనాలి, ఆ సెట్టు దాటి రెండు వైపులా కనీసం ఒక అడుగు బయటికి ఉండాలి. గుంజ దాటి అంగుళం మాత్రమే బయటికి వచ్చిన కర్ర నాలుగు గతుకులు పడ్డాక లోపలికి జారి, గుంజ పక్కనుంచి బయటికి పొడుచుకొస్తుంది. మీ 17 అడుగుల బాడీలో 8 అడుగుల కర్ర రెండు వరసలు పడుతుంది, అంటే నాలుగు సెట్లు కావాలి. రేపు 12 అడుగుల వాసాలు వస్తే ఆ నాలుగూ వేరే చోట ఉండాలి. వెల్డింగ్ చేసేస్తే కర్రే గుంజల చోటుకి సర్దుకోవాల్సి వస్తుంది, అది జరిగే పని కాదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో ఇది కళ్లారా చూశాను. ఊరంతా పడిపోయిన చెట్లు. రోడ్డు మీదున్నది ఎక్కడ కోస్తే అక్కడికి ముక్క, వంకర కొమ్మలు, మూడడుగుల మొద్దు ఒకటి, పదిహేను అడుగుల మాను ఒకటి. గుంజలు బిగించేసిన బండ్లలో సగం కర్ర సరిగ్గా ఆనేది కాదు, మోకుల మీదే వేలాడేది. ఆ రోజుల్లో షెడ్డుకి వచ్చిన వాళ్లంతా అడిగింది ఒక్కటే, 'ఈ దూలాన్ని కొంచెం వెనక్కి జరపగలవా' అని. నేను జరిగే దూలాలు చేయడం అప్పుడే మొదలైంది.

12 అడుగుల కర్ర ఒక్క వరసే వేసినప్పుడు దాన్ని వెనక్కి నెట్టేయకండి. బరువు వెనక ఇరుసు దాటి పోయిందంటే ముందు చక్రాలు తేలికైపోతాయి, పాడేరు ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో స్టీరింగ్ చేతికి అందదు. వరసని ముందుకి తెచ్చి, ముందు గోడకి ఆనించి పేర్చండి.

ఇక ఎత్తు. మలుపులో కర్ర గుంజని బయటికి తోస్తుంది. సరుకు కట్టడానికి యూరప్‌లో వాడే లెక్క ఏమిటంటే, పక్కలకీ వెనక్కీ సరుకు బరువులో సగం తోపుని, ముందుకి బ్రేకు పడినప్పుడు బరువులో 80 శాతం తోపుని తట్టుకోవాలి. మన రోడ్లకి అంతకన్నా తక్కువ పెట్టుకోవడానికి నాకు కారణమేమీ కనపడదు. 10 టన్నుల కర్ర వేశారనుకుందాం. పక్క తోపు 5 టన్నులు. ఒక పక్క నాలుగు గుంజలుంటే ఒక్కోదానికి టన్నుంపావు. గుంజ 4 అడుగుల ఎత్తుంటే ఆ తోపంతా సుమారుగా 2 అడుగుల ఎత్తులో పడినట్టు లెక్క. మామూలు మైల్డ్ స్టీల్ 250 మెగాపాస్కల్ (లోహం మీద పడే ఒత్తిడికి కొలత) దగ్గర లొంగుతుంది, అంటే వంగి మళ్లీ నిటారుగా రాదు. ఈ లెక్కకి 75 మిల్లీమీటర్ల చానల్ (మూడు పక్కలే ఉండే పట్టీ) లొంగిపోతుంది. 80×80 బాక్సు, అంటే నలుచదరపు గొట్టం, 6 మిల్లీమీటర్ల మందంది, నిలబడుతుంది, కొంత మిగులు కూడా ఉంటుంది. ఎల్ ఆకారపు యాంగ్లర్ అయితే లెక్క వేయాల్సిన పని కూడా లేదు, దాన్ని గుంజగా పెట్టకూడదు. కింది పొర రాపిడి, బెల్టుల సాయం నేను ఇందులో కలపలేదు. వాటిని అదనపు రక్షణగానే ఉండనివ్వండి.

ఇప్పుడు అదే గుంజ లోపల్నుంచి ఇంకో బాక్సు పైకి లాగి 6 అడుగులు చేశారు, పైదాకా నింపారు. ఎత్తు ఒకటిన్నర రెట్లు, కర్ర కూడా ఒకటిన్నర రెట్లు. గుంజ అడుగు మొదలు దగ్గర దాన్ని వంచే బలం రెండుంపావు రెట్లు అవుతుంది. ఇందాక నిలబడిన 80 బాక్సు ఇప్పుడు నిలబడదు. చూసేవాళ్లకి పైకి లాగిన సన్న బాక్సే బలహీనంగా కనిపిస్తుంది గానీ, నిజానికి దెబ్బ తగిలేది కింద మొదట్లో. ఎత్తు పెంచుకునే గుంజ కావాలంటే మొదలుని పూర్తి ఎత్తుకి సరిపడా చేయాలి. మేస్త్రీలు ఎక్కువమంది మూసి ఉన్న ఎత్తుకి చేసి, పైన పొడిగింపు ఇస్తారు. పొడిగింపు అంటూ ఉంటే సీజన్‌లో దాన్ని లాగకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. తూకం సంగతి కూడా ఉంది. 2018లో పెంచిన పరిమితి ప్రకారం కూడా రెండు ఇరుసుల లారీకి బండితో కలిపి 18.5 టన్నులే. మీ ఆర్సీలో అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క. దాటితే 20,000 రూపాయల జరిమానా, ఆ పైన ప్రతి టన్నుకీ 2,000. పచ్చి నీలగిరి బరువుకి 4 అడుగుల గుంజ నిండేసరికే కాటా దాదాపు నిండిపోతుంది. ఎత్తు మీకు అవసరమే లేదు.

నర్సీపట్నం వైపు నుంచి ఒక లారీ మా షెడ్డుకి వచ్చింది. గుంజలకి కొత్త రంగు, బయటినుంచి చూస్తే ఒక్క గీత లేదు. కుడివైపు రెండో గుంజ కొంచెం ఒరుగుతోందని డ్రైవర్‌కి అనుమానం. కర్ర దింపించి, లోపలివైపు వైరు బ్రష్షు కొట్టి చూస్తే వెల్డింగ్ పక్కన వెడల్పంతా చీలిక. గుంజ బయటికి వంగుతుంది కాబట్టి సాగేది లోపలి ముఖం. చీలిక పుట్టేది కూడా అక్కడే, కర్ర ఆనుకుని ఎవరికీ కనపడని చోట. కాబట్టి గుంజని చూడాల్సింది బండి ఖాళీ అయ్యాక, లోపలివైపు నుంచి. నెలకోసారి బెరడు, మట్టి గీకి చూడండి. అనుమానంగా ఉంటే చీలికలు చూపించే ఎర్ర రంగు స్ప్రే దొరుకుతుంది, డై పెనెట్రాంట్ అని అడగండి.

పిన్ను రంధ్రం ఎక్కడ వేస్తారన్నది కూడా ఇందులోంచే వస్తుంది. గుంజ సాకెట్లోకి, అంటే దూలం చివర అది దిగే గూట్లోకి, దిగాక ఎగిరిపోకుండా ఒక పిన్ను వేస్తాం. ఆ రంధ్రాన్ని గుంజ లోపలి, బయటి ముఖాల్లోంచి తీస్తే సాగే చోటే చిల్లు పెట్టినట్టు. బండి ముందువైపూ వెనకవైపూ ఉండే ముఖాల్లో, సరిగ్గా మధ్య గీత మీద వేయించండి. వంపు వల్ల వచ్చే ఒత్తిడి అక్కడ దాదాపు సున్నా. వంపుని మోయాల్సింది సాకెట్టు గోడలు. పిన్ను పని పైకి లేవకుండా ఆపడం వరకే. సాకెట్టు లోతు 10 అంగుళాలకి తగ్గకూడదని నా పట్టుదల. పిన్నుకి చివర క్లిప్పు ఉండాలి. మేకు వంచి పెట్టడం, బైండింగ్ వైరు చుట్టడం ఒప్పుకోకండి.

దూలాలు జరగడానికి రెండు పొడుగు చానళ్లు, వాటిలో అర అడుగుకో రంధ్రం, ఒక్కో దూలానికి నాలుగు బోల్టులు చాలు. ఈ చానళ్లని ఛాసిస్‌కి వెల్డింగ్ చేయనివ్వకండి. ఛాసిస్ పై, కింది అంచుల్లో రంధ్రాలు కూడా వేయనివ్వకండి. నిలువు గోడకి బోల్టు బ్రాకెట్లు, అవసరమైన చోట యూ బోల్టులు. లారీ బాడీలు కట్టే సాలూరు మేస్త్రీలకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు, అటువైపు వెళ్తే వాళ్ల పని ఒకసారి చూడండి. నాలుగు సెట్లూ కలిసి నాలుగు క్వింటాళ్ల పైనే ఉంటాయి, అంత సరుకు తగ్గుతుందని ముందే లెక్కలో వేసుకోండి. బస్తాలు తోలే రోజుల్లో గుంజలు పీకి, దూలాలు దింపేస్తే ఆ బరువు కూడా పోతుంది. చిన్న యజమానికి ఊడదీసేవి మంచివనడానికి నాకు ఇదే పెద్ద కారణం.

ఫిన్లాండ్, స్వీడన్ అడవుల్లో కర్ర మోసే యంత్రాలకి హైడ్రాలిక్‌తో గుంజలు పక్కలకి వెడల్పయ్యే ఏర్పాటు ఉంటుంది. వీడియోలు చూసి అలాంటిది కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. అవి అడవిలో తిరిగేవి. మన రోడ్డు మీద బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు, సరుకు పక్కకి పొడుచుకొస్తే 20,000 జరిమానా వేరే ఉంది. లారీకి వెడల్పు మార్చుకోవడంతో పనిలేదు. మీ ట్రాక్టర్ తొట్టికి మాత్రం ఉపయోగమే. సరుగుడు తోటలో వరసల మధ్యకి వెళ్లేటప్పుడు గుంజల్ని లోపలికి జరిపి, గట్టు ఎక్కాక బయటికి జరుపుకునేలా దూలానికి రెండేసి సాకెట్లు పెట్టిస్తే చాలు. స్వీడన్‌లో ఎక్స్‌టే లాంటి కంపెనీలు గుంజల్ని చాలా గట్టి స్టీలుతో చేస్తాయి. అలాంటి స్టీలు 700 మెగాపాస్కల్ దాకా లొంగదు కాబట్టి సగం బరువుకే పని అవుతుంది. ఇక్కడ ఎవరైనా స్పెషల్ స్టీల్ అంటే మిల్లు సర్టిఫికెట్ చూపించమనండి. అది నిజమైనదే అయినా, మామూలు రాడ్డుతో ఇష్టమొచ్చినట్టు వెల్డింగ్ చేస్తే వేడి తగిలిన చోట ఆ బలం పోతుంది.

మన సముద్రపు గాలి సంగతి మర్చిపోకండి. సాకెట్లో నీళ్లు, బెరడు పొట్టు చేరి రెండు వానాకాలాలకే లోపల్నుంచి తినేస్తుంది. అడుగున ఒక చిల్లు పెట్టించండి, గుంజ దించే ముందు గ్రీసు రాయండి. గుంజ సాకెట్లో పట్టేసి సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఆర్టీఓ దగ్గర ముందే మాట్లాడుకోండి. బండిలో మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. బోల్టులతో ఊడేదైనా సరే, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ముందు చూపించి చేయిస్తే తర్వాత రోడ్డు మీద టెన్షన్ ఉండదు.

గుంజలు ఎంత గట్టివైనా కట్టు కట్టాల్సిందే. చెక్కు తీసిన నీలగిరి తడిస్తే సబ్బులా జారుతుంది. మధ్యలో పోగు కాస్త ఎత్తుగా ఉండొచ్చు, గుంజకి ఆనే కర్ర మాత్రం గుంజ తలకి కిందే ఉండాలి. వరసకి రెండు రాచెట్ బెల్టులో గొలుసులో వేసి, అయిదారు కిలోమీటర్లు వెళ్లాక ఆపి మళ్లీ బిగించండి, ఎందుకంటే కర్ర సర్దుకుని కట్టు వదులవుతుంది. లోడు మీద కూలీల్ని కూర్చోబెట్టకండి. ఎంత దగ్గర ఊరైనా వద్దు, దయచేసి.

దింపేటప్పుడు బెల్టు విప్పే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏ గుంజ మీద కర్ర ఒరిగి ఉందో చూడండి. దానికి ఎదురు పక్క నిలబడి విప్పాలి. బరువు ఆనుకున్న గుంజ పిన్ను ఎప్పుడూ తీయకూడదు. ముందు కర్ర క్రేన్‌తోనో చేత్తోనో పైనుంచి తగ్గించి, తర్వాతే గుంజ పీకాలి. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లకి ఇది మీరే దగ్గరుండి చూపించండి. మేస్త్రీ దగ్గరికి వెళ్లే ముందు పోయిన సీజన్‌లో ఏయే పొడవుల కర్ర తోలారో కాగితం మీద రాసుకుని వెళ్లండి. చానల్‌లో రంధ్రాలు ఎక్కడెక్కడ పడాలో అదే చెప్తుంది.